రెండువందల పద్నాలుగో పేజీలో పెద్దమ్మ

ప్రెస్సులో ఆయన్ని భూతద్దం అనేవారు. ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎవరైనా పెళ్ళిపత్రిక చేతికిస్తే సంతోషం అనడం మానేసి, ముందు అందులో తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో చూసేవాడు. రెండుసార్లు కుదరలేదు కూడా. మొదటి పెళ్ళివారు చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పుకున్నారు, రెండోవారు మాట్లాడటం మానేశారు.

రిటైరయ్యాక ఆ కళ్ళకి ఒకటే పని మిగిలింది, మరదలి నవలలు చూడటం.

మరదలంటే భార్యకి చెల్లెలు. ఒక నవల రాసి ఊరుకునే మనిషి కాదు. ఒకే కుటుంబం మీద ఐదు రాసింది, ఆరోదీ ఆఖరిదీ మొదలుపెట్టింది. ఒక నది, ఒడ్డున లాంచీల రేవు, ఆ రేవులో టికెట్లు అమ్ముకుంటూ లాంచీ నడుపుకుంటూ బతికే ఒక ఇల్లు. అంతే కథ. మొదటి పుస్తకం చివర్లో పుట్టిన చిట్టి అనే పిల్ల ఐదో పుస్తకానికి పద్దెనిమిదేళ్ళదైంది. చదివేవాళ్ళు ఆ ఇంటివాళ్ళని తమ చుట్టాల్లో కలిపేసుకున్నారు. రేవు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మరదలికి ఉత్తరాలొచ్చేవి, ఫలానా మాత్ర వెయ్యమని.

ఒక్క నవల రాసి వదిలేస్తే ఏ గొడవా లేదు. వరసగా ఆరు రాయాలంటే మాత్రం జ్ఞాపకం కావాలి. మొదటి పుస్తకంలో ఎడంకాలు ఈడ్చిన మనిషి నాలుగో పుస్తకంలో కుడికాలు ఈడిస్తే పాఠకులు ఊరుకోరు. అందుకే ఆయన ఇంట్లో ఒక సొరుగు ఉంది. ఏదో లైబ్రరీవాళ్ళు వద్దనుకున్న పొడుగాటి చెక్క సొరుగు. అందులో మనిషికొక కార్డు, కావలిస్తే దానికి ఇంకోటి గుచ్చుతారు. ఎప్పుడు పుట్టారు, జుట్టెలాంటిది, ఊతపదమేంటి, ఎవరితో మాటల్లేవు, ఏ పుస్తకంలో ఏ అధ్యాయంలో ఏం చేశారు, అన్నీ అందులో ఉంటాయి. సొరుగు మధ్యలో ఒక నీలం అట్టముక్క. అట్టకి ఇవతల బతికున్నవాళ్ళు, అవతల పోయినవాళ్ళు. కథలో ఎవరైనా పోతే కార్డు మూలన ఎర్రగీత గీసి అవతలికి మార్చాలి.

ఈ పద్ధతి పెట్టింది ఆయన కాదు, ఆయన భార్య. మొదటి మూడు పుస్తకాల కార్డులూ ఆవిడ చేతిరాతే. ఆవిడకి నోట్లో నువ్వుగింజ నానేది కాదు, కార్డుల మీద కూడా కబుర్లే రాసేది. లాంచీ నడిపే సరంగు తాత కార్డు మీద "మొండిఘటం. చెప్పినట్టు వింటాడు, కాకపోతే మర్నాడు" అని ఉంటుంది. ఇంకొకాయన కార్డు మీద "నేనైతే ఈయన్ని గుమ్మం తొక్కనివ్వను" అని ఉంటుంది.

రేవులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆ పెద్దమ్మ ఎవరో కాదు, ఆయన భార్యే. మరదలు ఆ సంగతి దాచనూ లేదు. అక్క మాట, అక్క నవ్వు, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే అలవాటు, అన్నీ మూటగట్టి తెచ్చి ఆ కిటికీ వెనక కూర్చోబెట్టింది. ముఖ్యంగా గొడుగు మాట. లాంచీ ఎక్కే ప్రతివాళ్ళకీ టికెట్టు చింపి ఇస్తూ పెద్దమ్మ "గొడుగు మరిచిపోకు" అంటుంది. ఎండ మండిపోతున్నా అంటుంది. ముప్ఫై నాలుగేళ్ళపాటు ప్రెస్సుకి బయల్దేరే మొగుడితో ఆవిడ రోజూ అన్న మాట అది. ఆయన కిక్కురుమనకుండా తీసుకెళ్ళేవాడు. మబ్బుతునక లేని రోజున గొడుగు చంకన పెట్టుకుని దిగిన భూతద్దాన్ని చూసి ప్రెస్సంతా నవ్వేది.

మూడో పుస్తకంలో మరదలు పెద్దమ్మని చంపేసింది. కథకి అలా కావలసి వచ్చింది. అక్క రెండు రోజులు అలిగింది. "ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదటే నీకు, నేనే దొరికానా" అని ఫోన్లో దులిపేసింది. మూడో రోజు తనే కూర్చుని తన కార్డు మూలన ఎర్రగీత గీసుకుని, "మూడో పుస్తకం, పదకొండో అధ్యాయం: పోయింది. అందరూ బాగా ఏడ్చారు" అని రాసి, నీలం అట్ట అవతలికి మార్చేసింది. తర్వాత పద్నాలుగు నెలలకి నిజంగానే పోయింది.

ఆ సొరుగు ఆయన చేతికి అలా వచ్చింది. వచ్చి ఆరేళ్ళయింది. నాలుగో పుస్తకం, ఐదో పుస్తకం ఆయన కంట్లో వత్తులు వేసుకుని చూశాడు.

ఇక జరిగిన సంగతి చెప్పాలి. ఐదో పుస్తకం బయటికొచ్చిన నెలకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ రిటైరైన లెక్కల టీచరు. లెక్కల టీచర్లతో ఇదే చిక్కు, కథ చదువుతూ కూడా కూడికలు వేస్తారు. "రెండువందల పద్నాలుగో పేజీ, తొమ్మిదో లైను," అని మొదలుపెట్టింది. "చిట్టి చదువు కోసం పెట్టె పట్టుకుని లాంచీ ఎక్కుతుంటే, టికెట్ల కిటికీలోంచి పెద్దమ్మ గొడుగు మరిచిపోకు అంది అని రాశారు. పెద్దమ్మ పోయేనాటికి చిట్టికి ఏడేళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది. అంటే ఆవిడ పోయి పదకొండేళ్ళు. దయచేసి వివరించగలరు."

ఆ వెనకే మరో ముప్ఫై ఉత్తరాలు వచ్చాయి. పెద్దమ్మకి కవల చెల్లెలు ఉందని ఒకాయన తేల్చాడు. అది చిట్టికి వచ్చిన కల అని ఒకావిడ సర్దిచెప్పింది. మూడో పుస్తకంలో పెద్దమ్మ పోవడమే అబద్ధమనీ, ఆరోదాంట్లో గుట్టు బయటపడుతుందనీ, ఈ సంగతి ముందే కనిపెట్టింది తానేననీ ఇంకొకాయన నాలుగు పేజీలు రాశాడు.

పబ్లిషర్ ఫోన్ చేశాడు. "భూతద్దం కూడా మసకబారిందా మాస్టారూ" అన్నాడు, నవ్వుతూనే. "ఏం పర్లేదు. తప్పొప్పుల పట్టిక ఒకటి వేద్దాం. మిగిలిన కాపీల్లో చిన్న కాగితం అంటిస్తాం, ఉత్తరాలు రాసినవాళ్ళకి పోస్టులో పంపుతాం. మీరే రాసి ఇవ్వండి."

"అలాగే," అన్నాడు ఆయన.

భూతద్దం మసకబారలేదు. అదే అసలు బాధ. ఆయన ఆ లైను చూశాడు. మొదటి ప్రూఫులోనే చూశాడు. పక్కన మార్జిన్‌లో, ఇది కొట్టేయాలి అని పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టాడు. పెట్టి, ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివాడు. ఆరేళ్ళుగా ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. గొడుగు తలుపు వెనక మేకుకే వేలాడుతోంది, ఆయన వానొచ్చినప్పుడల్లా తడుస్తున్నాడు. ఇన్నాళ్ళకి ఆ మాట అచ్చులో కనిపించింది, అదీ ఇప్పుడే అన్నట్టు. రబ్బరు తీసుకుని గుర్తు చెరిపేశాడు. రెండో ప్రూఫులో కొట్టేద్దాంలే అనుకున్నాడు. రెండో ప్రూఫులోనూ అదే జరిగింది. మూడోది ఇక అచ్చుకి వెళ్ళే ప్రతి. అందులోనూ గుర్తు పెట్టాడు, అందులోనూ చెరిపేశాడు. ఆవిడ పోయిందని ఆస్పత్రిలో డాక్టరు ఇచ్చిన కాగితం మీద ఒకసారి సంతకం పెట్టాడు. మళ్ళీ అలాంటిది పెట్టడం ఆయనకి చేతకాలేదు.

తప్పు బయటపడ్డాక నోరు విప్పలేదు. మరదలు ఫోన్ చేసి "ఎలా జరిగింది బావగారూ ఇది" అంటే, "ఏమోనమ్మా, ఎలా జారిపోయిందో" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా మూడు వారాలు గడిపాడు. పట్టిక రాయడానికి కూర్చోవడం, లేవడం.

ఆ స్థితిలో తోడల్లుడు వచ్చాడు. మరదలి భర్త. గడియారాలు బాగుచేసే షాపు ఆయనది. భార్య నవలల్లో రెండోది సగం దాకా చదివి, "ఇంతమంది చుట్టాలు నాకే లేరు, పుస్తకంలో ఎవరు మోస్తారు" అని దణ్ణం పెట్టేసిన మనిషి. మామూలుగా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. ఆ రోజు లేడు.

"ఆవిడ రాయడం మానేసింది అన్నగారూ," అన్నాడు కూర్చోకుండానే.

"ఎప్పట్నుంచి?"

"పదిహేను రోజులైంది. నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. పొద్దున్నే ఐదు పుస్తకాలూ ముందేసుకుని కూర్చుంటుంది. ఎవరు పోయారో, ఎవరున్నారో కాగితం మీద రాసుకుంటుంది. సాయంత్రం ఆ కాగితం చింపేస్తుంది. మొన్న నన్నడిగింది, ఆ సరంగు తాత ఉన్నాడా పోయాడా అని. నన్ను! నాకేం తెలుసు చెప్పండి."

"డాక్టరుకి చూపించకపోయావా?"

"చూపించాను. వయసుకి తగ్గ మరుపే, ఏం లేదు అన్నాడాయన. ఈవిడ నమ్మితేనా. తలకి స్కానింగ్ చేయించమని నా ప్రాణం తీస్తోంది. చచ్చిపోయిన అక్క చేత మాట్లాడించాను, అది రాసినట్టు కూడా నాకు గుర్తులేదు, దీన్ని మరుపంటారా అంటుంది."

ఆయన తన నోరు మూతపడి ఉన్నది తన పరువు కోసమేననుకున్నాడు ఇన్నాళ్ళూ. దాని కింద మరదలి ఆరో పుస్తకం నలిగిపోతోందని తెలియదు. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. సొరుగు పోతుంది. వారానికి మూడు రోజులు ఆ ఇంటికి వెళ్ళి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, చిట్టి ఎత్తెంత, తాత లాంచీ రంగేంటి అని మరదలితో వాదులాడుకోవడం తప్ప ఆయన జీవితంలో వేరే పని లేదు. అది కాస్తా పోతుంది.

అయినా తోడల్లుడితో పాటే బయల్దేరాడు.

మరదలు బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఐదు పుస్తకాలు, ఒక చింపిన కాగితాల కుప్ప. మనిషి నలిగిపోయింది. ఆయన్ని చూసి నవ్వబోయింది.

"ఐదింటితో ఆపేద్దాం బావగారూ," అంది. "చిట్టి నది దాటేసింది. తిరిగి రాకపోతే ఏం, ఎంతమంది రావడం లేదు."

"వంతెన కట్టేదాకా కథ ఉంటుందన్నావుగా. లాంచీ ఆగిపోయే రోజుదాకా."

"అన్నాను. ఇప్పుడు నా చేతిని నేను నమ్మలేకపోతున్నాను. రేపు ఇంకెవర్ని లేపుతానో." అని ఆగి, ఆయన ముఖం చూసి మెత్తబడింది. "మీరేం బాధపడకండి. మీ కంటికే ఆనలేదంటే నేను అంత మామూలుగా రాసేసి ఉంటాను. ఇందులో మీ తప్పేం లేదు."

తిట్టడానికొచ్చినవాళ్ళకైనా ఆయన జవాబు చెప్పేవాడేమో. ఓదారుస్తున్న మనిషికి ఏం చెప్తాడు? కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఇంటికొచ్చేశాడు. దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఒక చంకలో మూడు ప్రూఫు కట్టలు, ఇంకో చంకలో సొరుగు. బల్ల మీద చోటు చేసి, మూడు కట్టల్లోనూ రెండువందల పద్నాలుగో పేజీ తెరిచి వరసగా పెట్టాడు.

"తొమ్మిదో లైను పక్కన మార్జిన్ చూడు. కిటికీ వైపు పట్టుకుని చూడు."

మరదలు ఒక కాగితం ఎత్తి వెలుతురుకి వాలుగా పట్టుకుంది. పెన్సిల్ నొక్కు కనిపిస్తోంది, నలుపు లేదు. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తింది.

"ఇది చెరిపిన గుర్తు," అంది.

"అవును."

"మూడింట్లోనూ ఉంది."

"మూడుసార్లు చూశానమ్మా. కొట్టేయాలని గుర్తు పెట్టాను, మళ్ళీ నేనే చెరిపాను. నీ బుర్రకేం కాలేదు. నువ్వు రాసింది నా కంటపడింది. నేనే వదిలేశాను."

తోడల్లుడు టీ తీసుకుని గుమ్మం దాకా వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, "మళ్ళీ ఎవరైనా పోయారా ఏంటి, పుస్తకంలో" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కప్పులు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను," అంది మరదలు. గొంతు పెంచలేదు. "తలకి స్కానింగ్ చేయించమని పట్టుబట్టాను. పిచ్చిదాన్నైపోతున్నానని రాత్రిళ్ళు మా ఆయన్ని లేపి ఏడ్చాను. నిన్న ఇక్కడే కూర్చుని మిమ్మల్ని ఓదార్చాను. అప్పుడైనా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"మొదటి ప్రూఫులోనే ఒక్క మాట అంటే పోయేదిగా."

"అంటే నువ్వు కొట్టేసేదానివి," అన్నాడాయన. "అది కొట్టేస్తే మళ్ళీ ఆ మాట వినిపించదు నాకు. అంతే. అంతకుమించి కారణం లేదు. నాకు ఆవిడ లేకుండా చాలా కష్టంగా ఉందమ్మా."

ఆరేళ్ళలో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కర్మకాండలప్పుడు కూడా పిలుపు కాగితాల్లో స్పెల్లింగులు సరిచూస్తూ గడిపేశాడు. మరదలు కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, కాగితాలు మూడింటినీ ఒకదాని మీద ఒకటి సర్దింది.

"అది ఎప్పుడు రాశానో ఇప్పటికీ గుర్తులేదు," అంది. "కానీ ఎలా రాసి ఉంటానో తెలుసు. చిట్టి గుమ్మం దిగుతోంది. ఆ ఇంట్లోంచి మనిషి బయటికెళ్తుంటే ఎవరో ఒకళ్ళు ఆ మాట అనాలి కదా. అనేది ఒక్కతే. చెయ్యి రాసుకుంటూ పోయింది." మళ్ళీ తనే, "మీకు తెలియందొకటి చెప్తాను. మూడో పుస్తకం నేను మళ్ళీ తెరవలేదు. పుస్తకంలో అక్కని చంపాను, ఏడాది దాటిందో లేదో నిజంగా పోయింది. నేను రాయబట్టే అనిపించేది. ఎవరితో అంటే ఏమంటారోనని అనలేదు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇంత తప్పుడు మాట ఆయన ముప్ఫై నాలుగేళ్ళ ప్రూఫుల్లో చూడలేదు.

"పప్పులో కాలేశావు," అన్నాడు. "నీతో ఫోన్లో పోట్లాడింది అంతా నాటకం. ఆ అధ్యాయం నాకు చదివి వినిపించింది. పైకి, గొంతు మార్చి మార్చి. మా చెల్లి ఎంత బాగా ఏడిపించిందో చూడండి, నా సొంత చావుకి నేనే ఏడ్చాను అంది. కార్డు రాసుకుంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎంత గర్వంగా రాసుకుందనుకున్నావు. 'అందరూ బాగా ఏడ్చారు' అని రాసి, చాలదని 'బాగా' కింద గీత గీసింది. కావాలంటే చూసుకో."

మరదలు సొరుగు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"సొరుగు ఇక్కడే ఉంచండి," అంది చివరికి. "నాకు మీ మీద కోపంగానే ఉంది బావగారూ. కొన్నాళ్ళు రావద్దు."

"సరే," అన్నాడు. టీ చల్లారిపోయింది. అయినా మర్యాదకి తాగి వెళ్ళాడు.

ఆ సాయంత్రం తప్పొప్పుల పట్టిక రాశాడు. ఈసారి లేవలేదు. "214వ పేజీ, తొమ్మిదో లైను: ఈ వాక్యాన్ని తీసివేసి చదువుకోగలరు. పెద్దమ్మ మూడో పుస్తకంలోనే మరణించింది. ఈ తప్పు రచయిత్రిది కాదు, ప్రూఫులు చూసినవాడిది. తెలిసే వదిలాడు."

పబ్లిషర్ ఫోన్లో నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "తెలిసే వదిలాడు ఏంటి మాస్టారూ. ఎవరైనా అలా వేసుకుంటారా. ఆ ముక్క తీసేద్దాం."

"అది తీసేస్తే పట్టికలోనే తప్పు ఉంటుందండీ," అన్నాడు ఆయన.

అలాగే అచ్చయింది. ముప్ఫై నాలుగేళ్ళు ఎందరి పుస్తకాలో దిద్దినా ఏ పుస్తకంలోనూ ఆయన ప్రస్తావన రాలేదు. వచ్చింది ఇదొక్కటే, వేలెడంత కాగితంలో.

తర్వాత మూడు వారాలు ఆయనకి ఏమీ తోచలేదు. పేపరు దిద్దాడు. మందుల డబ్బాలో కాగితాలు దిద్దాడు. కరెంటు ఆఫీసువాళ్ళు పంపిన నోటీసులో నాలుగు తప్పులు ఎర్రసిరాతో సరిచేసి తిరిగి పోస్టు చేశాడు. తన సొంత కాపీ తీసి, రెండువందల పద్నాలుగో పేజీలో ఆ లైనుని పెన్సిల్‌తో, స్కేలు పెట్టి కొట్టేశాడు. లోకానికంతా కొట్టేయమని చెప్పి తను దాచుకోవడం న్యాయం కాదనిపించింది. కొట్టేసిన రోజు అన్నం సయించలేదు.

ఫోన్ మోగినప్పుడల్లా మరదలేమోననుకునేవాడు. కాదు.

నాలుగో వారం తోడల్లుడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. రెండు చేతులతో సొరుగు, దాని మీద ఒక కాగితాల కట్ట. "కథలు రాసేది వాళ్ళు, చూసేది మీరు, మోత మాత్రం నాకు," అని బల్ల మీద దింపి, కుర్చీలో కూలబడ్డాడు. "రాస్తోంది అన్నగారూ. పొద్దున ఆరింటికే కూర్చుంటోంది. నన్ను ఏ తాత సంగతీ అడగడం లేదు, బతికిపోయాను."

కట్ట మీద చిన్న చీటీ. "నాలుగో అధ్యాయం. ఈ మూడు వారాలూ అక్క కార్డులన్నీ చదివాను, అవతలివీ ఇవతలివీ. 'బాగా' కింద గీత చూశాను. ఇక మీరు మామూలుగా చూసినట్టే చూడండి. తప్పుంటే కొట్టేయండి."

తోడల్లుడు వెళ్ళాక పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాడు. అధ్యాయం బాగుంది. పన్నెండేళ్ళ తర్వాత చిట్టి రేవుకి తిరిగి వచ్చింది. నది మీద వంతెన స్తంభాలు లేచాయి. లాంచీ ఇంకో ఆరు నెలలు నడుస్తుందేమో. మూసేసిన టికెట్ల కిటికీ తెరిచి, దుమ్ము తుడిచి, చిట్టి లోపల కూర్చుంది. మొదటి ప్రయాణికుడిగా ఒక ముసలాయన వచ్చాడు. ఎండ మండిపోతోంది. చిట్టి టికెట్టు చింపి ఇస్తూ, "గొడుగు మరిచిపోకండి" అంది. అన్నాక, ఆ మాట తన నోటికి ఎక్కడినుంచి వచ్చిందో తెలియక కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆయన పెన్సిల్ ఆగింది.

ఐదు పుస్తకాల్లో చిట్టి ఎన్నడూ ఆ మాట అనలేదు. పెద్దమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్ళు. ఇరవై మూడేళ్ళ కిందటి మాట నోట్లోకి ఎలా వస్తుంది? ఎక్కడ విన్నది? విన్నట్టు ఎక్కడైనా రాసి ఉందా? ఆయనకి ఆ లైను కావాలి. ప్రాణమంతా పెట్టి కావాలి. కావాలి కాబట్టే భయమేసింది. ఒకసారి అలాగే వదిలేశాడు, దాని ఖరీదు మరదలు చెల్లించింది. ఈసారి ఆధారం దొరక్కపోతే కొట్టేయాల్సిందే అనుకుని, మార్జిన్‌లో గుర్తు పెట్టి, సొరుగు దగ్గరికి లాక్కున్నాడు.

చిట్టి కార్డు నీలం అట్టకి ఇవతల ఉంది. పైన రెండు కార్డులు ఆయన రాసినవే, నాలుగో పుస్తకం, ఐదో పుస్తకం. అందులో ఏమీ లేదు. వాటి వెనక గుండుసూదితో గుచ్చిన పాత కార్డు, అంచులు పసుపెక్కినది. భార్య చేతిరాత.

"రెండో పుస్తకం, తొమ్మిదో అధ్యాయం. చిట్టికి ఐదేళ్ళు. టికెట్ల గదిలో బల్ల కింద కూర్చుని చింపిన టికెట్టు ముక్కలతో ఆడుకుంటుంది. ఆడుతున్నట్టే ఉంటుంది గానీ పైన పెద్దమ్మ అనే మాటలన్నీ వింటుంది. గడుగ్గాయి. ఎప్పుడో బయటపెడుతుంది, చూస్తూ ఉండండి."

ఆయన లేచి రెండో పుస్తకం తీసి తొమ్మిదో అధ్యాయం చూశాడు. ఉంది. పిల్ల బల్ల కింద ఉంది. పైన కిటికీ దగ్గర పెద్దమ్మ ఒకరి తర్వాత ఒకరికి టికెట్లు చింపి ఇస్తోంది, ప్రతివాళ్ళకీ గొడుగు మాట చెప్తోంది. అంతా ఆ పేజీలోనే ఉంది. ప్రెస్సులో ఉండగా ఆయనే దిద్దిన పేజీ.

ఆయనకి ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

ముఖం కడుక్కుని వచ్చి, మార్జిన్‌లో గుర్తు చెరిపి, ఆ లైను పక్కన సరే అని టిక్కు పెట్టాడు. తర్వాత పాత కార్డు తీసుకుని, భార్య చేతిరాత కింద మిగిలిన ఖాళీలో, తన చిన్న అక్షరాలతో రాశాడు.

"ఆరో పుస్తకం, నాలుగో అధ్యాయం: బయటపెట్టింది."

సిరా ఆరేదాకా ఉండి, కార్డుని నీలం అట్టకి ఇవతలే పెట్టాడు.